సముద్రపు బురదలో టీబీ మందు: గోపాల్‌పూర్ తీరంలో మనవాళ్లు అడిగే ప్రశ్నలు

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. సూక్ష్మజీవశాస్త్రం చదువుకున్నాను. కొన్నేళ్లుగా గోపాల్‌పూర్, ఋషికుల్య మొగ, సోనాపూర్ దగ్గర బాహుదా మొగ, చిలికా అంచు తిరిగి బురద సేకరిస్తున్నాను. ఆ బురదలోని సూక్ష్మజీవులు టీబీ క్రిమిని ఆపగల పదార్థం ఏదైనా చేస్తున్నాయా అని వెతకడమే నా పని. పడవల నీడలో కూర్చున్న పెద్దలు, ఇచ్ఛాపురం వైపు మా చుట్టాలు, టీబీ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు, వాళ్లకు అన్నం వండిపెట్టే ఆడవాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలివి. నేను చెప్పిన జవాబులే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

"ఏటమ్మా, బురద మూటగట్టుకెళ్తన్నావు. ఇందులో మందేటుంటాది?"

అందరికంటే ముందు ఎదురయ్యే ప్రశ్న ఇదే. తొలకరి చినుకు పడగానే లేచే మట్టివాసన మనందరికీ తెలుసు. ఆ వాసన ఎక్కువగా జియోస్మిన్ అనే పదార్థానిది. దాన్ని తయారుచేసేది స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా, దాని దగ్గరి బంధువులు. చిటికెడు మట్టిలో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు చోటు కోసం, తిండి కోసం పోటీ పడుతుంటాయి. పక్కవాటిని అడ్డుకోవడానికి, ఒకదానికొకటి కబురు చెప్పుకోవడానికి అవి రకరకాల రసాయనాలు వదులుతాయి. వాటిలో కొన్ని మనిషిని చంపే క్రిములనూ చంపుతాయి. అలాంటిది దొరికితే శుభ్రపరిచి మందుగా మలుచుకుంటాం.

టీబీకి మొదటి మందు ఇలాగే వచ్చింది. 1943లో అమెరికాలోని రట్గర్స్‌లో, సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో పనిచేస్తున్న ఆల్బర్ట్ షాట్జ్ అనే విద్యార్థి స్ట్రెప్టోమైసిస్ గ్రిసియస్ నుంచి స్ట్రెప్టోమైసిన్ తీశాడు. 1952లో నోబెల్ వాక్స్‌మన్ ఒక్కడికే ఇచ్చారు. ఆ కుర్రాడికి దక్కాల్సిన పేరు దక్కలేదన్న బాధ నాకిప్పటికీ ఉంది.

ఇప్పుడు మీ ఇంట్లో ఎవరైనా టీబీ మాత్రలు వేసుకుంటుంటే మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుందని భయపడి ఉంటారు. అది రిఫాంపిసిన్ రంగు, భయం అక్కర్లేదు. దాని మూలపదార్థం 1957లో ఇటలీలోని మిలాన్‌లో దొరికింది. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో ఒక పైన్ తోట మట్టి నుంచి పెంచిన బ్యాక్టీరియా దాన్ని ఇచ్చింది. కాబట్టి మట్టిలో మందు అనేది కొత్త మాటేమీ కాదు. మన టీబీ వార్డుల్లో రోజూ మింగిస్తున్నదే.

నేల మీద ఇంత మట్టి ఉండగా సముద్రందాకా ఎందుకు?

నేల మట్టిని డెబ్భై ఎనభై ఏళ్లుగా ప్రపంచమంతా జల్లెడ పట్టింది. ఇప్పుడు అందులో వెతికితే ఎక్కువసార్లు పాతదే మళ్లీ చేతికొస్తుంది. సముద్రం అడుగున బతుకు వేరు. ఉప్పు, ఒత్తిడి, చీకటి, తిండి కరువు. అక్కడ నిలదొక్కుకున్న జీవుల రసాయనశాస్త్రం కూడా వేరే దారి పట్టింది. సముద్రంలో క్లోరిన్, బ్రోమిన్ సమృద్ధి కాబట్టి చాలా సముద్రజీవుల పదార్థాల్లో అవి కలిసి ఉంటాయి. సాలినిస్పోరా అనే బ్యాక్టీరియానే తీసుకోండి. ఉప్పునీళ్లు లేకపోతే అసలు పెరగదు. అమెరికాలో స్క్రిప్స్ సముద్రవిజ్ఞాన సంస్థవాళ్లు సముద్రపు అడుగు బురదలో దాన్ని గుర్తించారు. అందులోంచి వచ్చిన సాలినోస్పోరమైడ్‌ను క్యాన్సర్ మందుగా మనుషులమీద పరీక్షించేదాకా తీసుకెళ్లారు.

తీరం నుంచి మందు రావడానికి ఇంకా పాత ఉదాహరణ ఉంది. 1945లో ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో జుసెప్పె బ్రొట్జు అనే ఆచార్యుడు ఊరి మురుగు సముద్రంలో కలిసేచోట నీళ్లు తీసుకెళ్లి చూశాడు. అందులో దొరికిన ఒక బూజు నుంచే సెఫలోస్పోరిన్‌లు వచ్చాయి. ఇవాళ ఏ ఆసుపత్రిలో చూసినా ఎక్కించే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లలో చాలా ఆ కుటుంబానివే. అవి టీబీ మందులు కావు. కానీ మురుగుకాలువ మొగలో కూడా ఏముందో చూడనిదే తెలియదని నేను నేర్చుకున్నది అక్కడినుంచే.

అయితే సముద్రం నుంచి టీబీ మందు వచ్చేసినట్టేనా?

లేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. సముద్రపు సూక్ష్మజీవి నుంచి పుట్టి, టీబీకి అనుమతి పొంది, మనిషి మింగే మాత్ర ఇవాళ్టికి ఒక్కటీ లేదు. పేపర్లో "సముద్రంలో టీబీకి మందు" అని చూస్తే అది ప్రయోగశాల గాజుపలక మీద జరిగిన సంగతి అని చదువుకోండి.

ఆశపెట్టే పదార్థాలు మాత్రం ఉన్నాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది సైక్లోమారిన్. కాలిఫోర్నియా తీరపు స్ట్రెప్టోమైసిస్ ఒకటి దాన్ని చేస్తుంది. 1999లో దాని నిర్మాణం బయటపెట్టినప్పుడు టీబీ ఊసే లేదు. ఆ తర్వాత అది టీబీ క్రిమిని, పెరగకుండా నిద్రపోతున్న క్రిమిని కూడా చంపుతుందని తేలింది. 2011లో అది పట్టుకునే చోటు తెలిసింది. క్రిమిలో క్లప్‌సీ1 అనే యంత్రం ఉంటుంది. వల బాగుచేసేవాళ్లు చిరిగిపోయిన భాగాన్ని విప్పి దారం లాగినట్టు, ఈ యంత్రం పనికిరాని ప్రోటీన్లను విప్పి ముక్కలు చేసే గదిలోకి తోస్తుంది. సైక్లోమారిన్ దానికి అతుక్కోగానే యంత్రం అదుపు తప్పుతుంది. ఇప్పుడు మనం వాడుతున్న టీబీ మందుల్లో ఏదీ ఈ చోట దెబ్బ కొట్టదు. అంటే రిఫాంపిసిన్‌కు లొంగని క్రిమికి కూడా ఇది కొత్త దెబ్బే. దక్షిణ చైనా సముద్రపు స్ట్రెప్టోమైసిస్ నుంచి వచ్చిన ఇలమైసిన్‌లు కూడా ఈ కుటుంబంలోవే. వాటిలో కొన్ని చాలా కొద్ది మోతాదులోనే టీబీ క్రిమిని ఆపాయని 2017లో చైనా శాస్త్రవేత్తలు ప్రచురించారు.

ఇంకొకటి అబిస్సోమైసిన్. జపాన్ సముద్రంలో 289 మీటర్ల లోతు బురదలోని జీవి చేసేది. బ్యాక్టీరియా తనకు కావలసిన ఫోలేట్ అనే విటమిన్‌ను తానే వండుకుంటుంది, మనం తిండిలోంచి తెచ్చుకుంటాం. ఆ వంటలో ఒక మెట్టును అబిస్సోమైసిన్ ఆపుతుంది. మన ఒంట్లో ఆ వంటే జరగదు కాబట్టి మనకు హాని తక్కువ ఉండాలని ఆలోచన. టీబీ క్రిమి మీద దీని బలం పరీక్షనాళిక దాకానే తెలుసు.

జ్వరానికి మూడు రోజులు, టీబీకి ఆరు నెలలు. ఎందుకిలా?

ఇడ్లీ పిండి రాత్రి రుబ్బితే తెల్లారేసరికి పొంగుతుంది. మామూలు బ్యాక్టీరియా వేగం అది, కొన్ని ఇరవై నిమిషాలకే రెండింతలవుతాయి. టీబీ క్రిమికి రెండింతలవడానికి సుమారు ఇరవై గంటలు పడుతుంది. కళ్లెను తీసి ప్రయోగశాలలో పెంచితే కంటికి కనిపించడానికి వారాలు, ఒక్కోసారి రెండు నెలలు. మందులు ఎక్కువగా పెరుగుతున్న క్రిమినే చంపుతాయి. నిద్రపోయేదాన్ని చంపడం కష్టం. దానికి తోడు ఈ క్రిమి ఒంటికి మైనం పూత ఉంటుంది, మందు లోపలికి సులువుగా దిగదు. పైగా అది మనల్ని కాపాడాల్సిన కణాల్లోనే దూరి కూర్చుంటుంది. దాని చుట్టూ శరీరం గడ్డ కట్టేస్తుంది. ఆ గడ్డలోకి మందు చేరాలి, చేరాక పనిచేయాలి, క్రిమి నిద్ర లేచేదాకా ఒంట్లో ఉండాలి. అందుకే రెండు నెలలు నాలుగు మందులు, ఆ తర్వాత నాలుగు నెలలు మూడు మందులు.

సముద్రంలోంచి తెచ్చిన ఏ పదార్థమైనా ఈ గడపలన్నీ దాటాలి. చాలావరకు మైనం పూత దగ్గరే ఆగిపోతాయి.

మట్టి తీసుకెళ్లాక మీరు చేసేదేమిటి?

పోటు తగ్గినప్పుడు వెళ్తాను. పైపొర తీసేసి, అరచేతి లోతున ఉన్న నల్ల బురద తీసుకుని శుభ్రమైన సంచిలో కట్టేస్తాను. చేపలకు వాడే ఐసు పెట్టెలాంటి దాంట్లోనే బరంపురం చేరుతుంది. అక్కడ ఆరబెట్టి, 60 డిగ్రీల దాకా వేడిలో కాసేపు ఉంచుతాం. తొందరగా పెరిగే చిల్లర బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది. మనకు కావలసినవి విత్తనంలాంటి స్పోర్లుగా ఉండి బతుకుతాయి. తర్వాత బురదను నీళ్లలో కలిపి, ఆ నీటిని మళ్లీ మళ్లీ పలచన చేసి, సముద్రపు నీళ్లతో చేసిన అగర్ పలకల మీద పరుస్తాం. బూజు పట్టకుండా నిస్టాటిన్ కలుపుతాం.

అగర్ అంటే సముద్రపు నాచు నుంచి తీసే జిగురు. దీన్ని ప్రయోగశాలకు తెచ్చింది ఒక ఇల్లాలు. జర్మనీలో ఫానీ హెస్సె అనే ఆవిడ జెల్లీ గట్టిపడడానికి వంటింట్లో అగర్ వాడేది. 1881లో భర్త జెలటిన్ పలకలు ఎండకు కరిగిపోతున్నాయని బాధపడితే ఇది వాడి చూడమంది. భర్త ద్వారా ఆ కబురు రాబర్ట్ కోఖ్‌కు చేరింది. మరుసటి ఏడాది 1882 మార్చి 24న ఆయన టీబీ క్రిమిని ప్రకటించాడు. ఆ ఏడాది టీబీ మీద రాసిన పత్రంలో అగర్ ప్రస్తావన ఉంది, ఆవిడ పేరు మాత్రం లేదు. టీబీ పని మొదలైననాడే సముద్రం అందులో ఉందన్నమాట.

పలకలు పెట్టాక ఎదురుచూపే. మూడు నాలుగు వారాలకు చిన్న చిన్న చుక్కలు లేస్తాయి. వరిపిండి చల్లినట్టు పొడిపొడిగా, కొన్ని బూడిదరంగు, కొన్ని గులాబీ, కొన్ని కాఫీరంగు మచ్చను అగర్ లోపలికి దించుతాయి. పుల్లతో తాకితే ముద్దలా రాదు, తోలులా పట్టుకుని పెళుసుగా విరుగుతుంది. అలా విరిగిందంటే మనకు కావలసిన జాతేనని నా చేతికి తెలిసిపోతుంది. ఒక్కోదాన్నీ విడదీసి, సీసాల్లో వారం పదిరోజులు కుదుపుతూ పెంచి, ఆ రసంలోంచి ఇథైల్ అసిటేట్‌తో సారం లాగుతాం. గోళ్లరంగు వాసన వేసే ద్రవం అది. దాన్ని ఆవిరి చేస్తే సీసా అడుగున మిగిలేది అడుగంటిన బెల్లంపాకంలాంటి కాస్త జిగురు. వారాల తరబడి చేసిన పని ఆ మరకలో ఉంటుంది.

ఇక పరీక్ష. అసలు టీబీ క్రిమితో పనిచేయాలంటే గాలి వడకట్టకుండా బయటికి పోని, మూడో స్థాయి భద్రత ఉన్న గది కావాలి. అందుకని మొదట దాని బంధువైన స్మెగ్‌మాటిస్ మీద చూస్తాం. అది సాధారణంగా రోగం తేదు, మూడు గంటలకే రెండింతలవుతుంది. చిన్న గుంటలున్న పలకలో క్రిమిని, సారాన్ని కలిపి, రెజాజురిన్ అనే నీలిరంగు వేస్తాం. క్రిమి బతికి ఉంటే గుంట గులాబీ అవుతుంది. ఆగిపోతే నీలంగానే ఉంటుంది. పొద్దున్నే పలక తీసి దీపం కింద పెట్టినప్పుడు వరసంతా గులాబీగా ఉండి మధ్యలో ఒక్క గుంట నీలంగా కనిపిస్తే ఊపిరి ఆగినంత పనవుతుంది.

అలా నీలం మిగిలితే మందు దొరికినట్టు కాదా?

నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఒకసారి ఋషికుల్య దగ్గర తెచ్చిన బురదలోంచి ఒక జీవి దొరికింది. దాని సారం మంచి నారింజ రంగు, గుంట గుంటా నీలం. రెండు కాలాలపాటు దాని వెనకే తిరిగాను. చివరికి అణువుల బరువు కొలిచే యంత్రంలో పెట్టి చూస్తే అది ఆక్టినోమైసిన్. 1940లోనే వాక్స్‌మన్ బృందం కనుక్కున్న పాత పదార్థం. క్రిములతోపాటు మన కణాలనూ చంపుతుంది, అందుకే కొన్ని క్యాన్సర్లకు తప్ప వాడరు. ఆ రోజు ఇంటికెళ్లి అన్నం తినలేదు.

ఇప్పుడు పద్ధతి మార్చాను. సారం తీయగానే ముందు అణువుల బరువులు చూసి, ఇప్పటికే తెలిసినవాటితో పోల్చుకుంటాం. పాతదైతే అక్కడే పక్కన పెట్టేస్తాం. ఇంకో సాయం జీనోమ్ నుంచి, అంటే జీవిలోని మొత్తం జన్యుసమాచారం నుంచి వస్తోంది. ఒక స్ట్రెప్టోమైసిస్ జీనోమ్ చదివితే ఇరవై నుంచి నలభై దాకా పదార్థాలు తయారుచేసే జన్యువుల గుంపులు కనిపిస్తాయి. ఆంటీస్మాష్ అనే ప్రోగ్రాం వాటిని గుర్తించి చూపిస్తుంది. ప్రయోగశాలలో ఆ జీవి మనకు చేసిపెట్టేవి మాత్రం రెండు మూడే. ఇన్ని వంటలొచ్చిన మనిషి పరాయింట్లో పప్పన్నం మాత్రమే వండినట్టు. మిగతావి రాబట్టడానికి తిండి మారుస్తాం, ఉప్పు మారుస్తాం, పక్కన వేరే జీవిని పెడతాం. జపాన్‌లో ఒక బృందం స్ట్రెప్టోమైసిస్ పక్కన మైనం పూత ఉన్న బ్యాక్టీరియాను పెట్టి పెంచింది. అంతకుముందు చేయని పదార్థాలు అది చేయడం మొదలుపెట్టింది. టీబీ క్రిమికి ఉన్నదీ అలాంటి పూతే కాబట్టి ఈ దారి మీద నాకు నమ్మకం ఎక్కువ.

చేపల నుంచి టీబీ వస్తాదా?

మనిషికి వచ్చే టీబీ చేపల నుంచి రాదు, టీబీ ఉన్న మనిషి దగ్గు, తుమ్ము ద్వారా గాలిలో వస్తుంది. కానీ మైకోబాక్టీరియం మారినమ్ అని దాని బంధువు ఒకటి చేపలకు సోకుతుంది. చేప ముల్లు గుచ్చుకున్నచోట, చేతి గాయంలో పడితే వారాల తరబడి మానని పుండు చేస్తుంది. ఒంటి వేడి దానికి ఎక్కువ కాబట్టి సాధారణంగా చర్మం దాటి లోపలికి పోదు. వేళ్లమీద అలాంటి గడ్డ తగ్గకుండా ఉంటే డాక్టరుకు చూపించండి, చేపల పని చేస్తానని చెప్పండి. చెప్పకపోతే ఆ ఆలోచనే రాకపోవచ్చు.

సముద్రపు నీళ్లు తాగితే, ఈ బురద ఒంటికి పూసుకుంటే?

వద్దు. ఉప్పునీళ్లు ఒంట్లో నీటిని లాగేస్తాయి, బురద ఊపిరితిత్తులకు చేరదు. బురదలో మందు చేసే జీవి ఉన్నా అది చేసేది కంటికి కనపడనంత.

మంచి పదార్థం దొరికితే మాత్ర ఎన్నాళ్లకు వస్తుంది?

అన్నీ కలిసొస్తే పది పదిహేనేళ్లు. బెడాక్విలిన్ సంగతి చూడండి. అది కూడా స్మెగ్‌మాటిస్ మీద పరీక్షలోనే బయటపడింది. 2005 ప్రాంతంలో శాస్త్రలోకానికి తెలిసింది, అమెరికాలో అనుమతి 2012 డిసెంబరులో వచ్చింది. దాదాపు నలభై ఏళ్ల తర్వాత టీబీకి వచ్చిన కొత్త రకం మందు అది. అది రసాయనశాలలో పుట్టిన అణువు, కావలసినంత చేసుకోవచ్చు. సముద్రజీవి ఇచ్చేది మిల్లీగ్రాముల్లో ఉంటుంది. జంతువుల మీద పరీక్షకే గ్రాములు కావాలి, మనుషుల దాకా వస్తే కిలోలు.

అంతకంటే ముఖ్యమైనది హాని. ఇక్కడ మా మావయ్య గురించి చెప్పాలి. అమ్మ తమ్ముడు. గుజరాత్‌లో వేరావళ్ వైపు పెద్ద పడవల్లో పనికి వెళ్లేవాడు. టీబీ వచ్చి, రెండు నెలల మందుకే దగ్గు తగ్గి, ఒళ్లు తేలికపడితే సగం అట్ట జేబులో పెట్టుకుని రైలెక్కాడు. అది అయిపోయాక మళ్లీ వేసుకోలేదు. తిరిగొచ్చేసరికి రిఫాంపిసిన్ పనిచేయని టీబీ. అప్పట్లో ఆ రకానికి ఇంచుమించు రెండేళ్ల వైద్యం, నెలలతరబడి కానమైసిన్ ఇంజెక్షన్లు. కానమైసిన్ కూడా మట్టిలో స్ట్రెప్టోమైసిస్ ఇచ్చిందే. మావయ్య బతికాడు, కానీ చెవులు పోయాయి. ఇప్పుడు ఆయనతో మాట్లాడాలంటే ముఖం ఎదురుగా కూర్చుని పెదాలు కదపాలి. సూదికి ముందు చెవి పరీక్ష చేయాలని, హోరు మొదలైతే వెంటనే చెప్పమని ఇక్కడి ఆసుపత్రిలో ఎవరూ మా అత్తకు అర్థమయ్యే భాషలో చెప్పలేదు. ఆవిడకు ఒడియా రాదు, వాళ్లకు తెలుగు రాదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కానమైసిన్‌ను వాడొద్దంది. అందుకే ఏ సారం గుంటను నీలంగా ఉంచినా నేను అడిగే రెండో ప్రశ్న, ఇది మనిషి కణాన్ని ఏం చేస్తుందని. క్రిమిని ఆపే మోతాదుకు కనీసం పదింతలు ఇచ్చినా కణం బతకాలి. లేకపోతే ఎంత బలమైనదైనా నాకొద్దు.

ఆ పైన మాత్రగా మింగితే రక్తంలోకి చేరాలి, మిగతా టీబీ మందులతో పడాలి, హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లకు సరిపడాలి. ఆ తర్వాతే మనుషుల మీద మూడు దశల పరీక్షలు.

కొత్తమందు వచ్చేదాకా ఆగి అప్పుడు వేసుకుంటే నయం కదా? ఈ మాత్రలకు కడుపులో తిప్పుతోంది.

దయచేసి అలా చేయకండి. ఒంట్లో కోట్ల క్రిములుంటే వాటిలో ఏ ఒక్క మందుకైనా లొంగనివి కొన్ని ముందే ఉంటాయి. ఒక మందుకు లొంగనిది రెండోదానికి చస్తుంది, అందుకే కలిపి ఇస్తారు. మధ్యలో ఆపి, మళ్లీ మొదలుపెట్టి, ఒకటి మింగి ఒకటి పారేస్తే ఆ మొండివే మిగిలి పెరుగుతాయి. ఇంట్లో పిల్లలకు అంటేది కూడా ఆ మొండి క్రిమే. రేపు సముద్రం నుంచి మందు వచ్చినా దానికీ ఇదే గతి పడుతుంది. బెడాక్విలిన్ వచ్చి పట్టుమని పదిహేనేళ్లు కాలేదు, దానికి లొంగని క్రిములు అప్పుడే కనిపిస్తున్నాయి. నేను బురదలో వెతుకుతున్నది అందుకే.

కడుపులో తిప్పితే, కళ్లు పచ్చబడితే, చూపు మసకేస్తే, చెవిలో హోరు వస్తే అదే రోజు మందిచ్చిన చోటికి వెళ్లి చెప్పండి. మోతాదు, మందు మార్చే దారి ఉంటుంది. మొండి టీబీకి ఇప్పుడు సూదులు లేని వైద్యం ఉంది. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మోక్సిఫ్లోక్సాసిన్ నాలుగూ కలిపి ఆరు నెలలు ఇచ్చే పద్ధతికి మన దేశం 2024లో అనుమతి ఇచ్చింది. ఎవరికి సరిపడుతుందో డాక్టరు చూస్తారు. మావయ్యకు అది అందే కాలం కాదు.

వేటకో కూలికో వేరే రాష్ట్రం వెళ్తుంటే ముందు మందిచ్చే చోట చెప్పండి. టీబీ రోగిగా ప్రభుత్వం మీ పేరు రాసుకుని ఇచ్చే నిక్షయ్ నంబరు దేశమంతా ఒకటే. ఇచ్ఛాపురం వెళ్లినా, పారాదీప్ వెళ్లినా, వేరావళ్ వెళ్లినా అక్కడ ప్రభుత్వ ఆసుపత్రిలో మిగతా మందు ఉచితంగా ఇస్తారు. తిండి కోసం ప్రభుత్వం బ్యాంకు ఖాతాలో వేసేది నెలకు 500 రూపాయలుండేది, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. సందేహముంటే 1800-11-6666కు ఫోన్ చేయవచ్చు, డబ్బు పడదు. ఒడియా రాని అమ్మమ్మలూ పెద్దమ్మలూ వెళ్లేటప్పుడు బడికెళ్లే మనవడినో మనవరాలినో వెంట తీసుకెళ్లండి. మన పిల్లలకు రెండు భాషలూ వచ్చు.

బురద మాది, ఊరు మాది. మందు తయారైతే మాకేటొస్తాది?

అడగాల్సిన ప్రశ్న, అడగడం మీ హక్కు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఇక్కడి జీవవనరుల నుంచి ఎవరైనా వ్యాపారం చేసుకుంటే లాభంలో వాటా స్థానికులకు చేరాలి. దీన్ని చూడడానికి చెన్నైలో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ఉంది, రాష్ట్రానికో బోర్డు ఉంది, ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి. మీ పంచాయతీలో ఆ కమిటీ ఉందో లేదో, అందులో పడవ నడిపేవాళ్లెవరైనా ఉన్నారో లేదో కనుక్కోండి. బురదలోని బ్యాక్టీరియా కూడా జీవవనరే. విదేశీ సంస్థలు తీసుకెళ్లాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి.

చట్టం సంగతి అలా ఉంచితే, తీరంలో ఎవరితోనూ మాట మాట్లాడకుండా సంచులు నింపుకుని వెళ్లేవాళ్లను చూశాను. అది తప్పు. ఏ మొగలో ఏ నెలలో ఏ బురద పైకొస్తుందో, ఎక్కడ గంధకం వాసన వస్తుందో నాకు చెప్పింది ఇక్కడి తాతలే. ఋషికుల్య దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో ఇసుకలో అడుగుపెట్టొద్దని చేయిపట్టుకుని ఆపిందీ వాళ్లే. ఆ కాలంలో అక్కడ మట్టి తీయను.

మా పాప బైపీసీ చదువుతోంది. ఈ పనిలోకి రావచ్చా?

రావాలి. మన బరంపురంలోనే 2016 నుంచి ఐసర్ అనే కేంద్ర విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఉంది. 1967లో పెట్టిన బరంపురం విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్ర విభాగం ఉంది. విశాఖలో జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, చెన్నైలో టీబీ పరిశోధనకే ఉన్న జాతీయ సంస్థ ఉన్నాయి. చెన్నై సంస్థ 1956లో మొదలైనప్పుడు చేసిన పరీక్ష ప్రపంచానికే దారి చూపింది. శానటోరియంలో పడుకోబెట్టకుండా ఇంట్లోనే మందులిచ్చినా టీబీ అంతే బాగా నయమవుతుందని తేల్చింది. రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, కొంచెం కంప్యూటరు, మూడూ కావాలి. ఉప్పుగాలి అలవాటున్న పిల్లలైతే మరీ మంచిది.

మా దగ్గర తీసిన బురద ఇప్పుడెక్కడుంది?

బురద అయిపోయింది. అందులోంచి లేచిన జీవులు గ్లిజరాల్‌లో కలిపి, వేలెడంత సీసాల్లో, సున్నాకు 80 డిగ్రీలు కింద ఉన్న పెట్టెలో ఉన్నాయి. ఒక్కో సీసా మీద తీసిన చోటు, తేదీ, ఆ రోజు పోటు ఎలా ఉందో రాసి ఉంటుంది. ఇప్పటిదాకా మందు కాగల కొత్తది ఏదీ చేతికి రాలేదు, పాతవే ఎక్కువ. రెండు మూడింటి బరువు మాత్రం తెలిసినవాటిలో దేనితోనూ సరిపోలలేదు, వాటిని మళ్లీ పెంచుతున్నాను. చూడాలనుకునేవాళ్లకు పలకల ఫొటోలు ఫోన్లో చూపిస్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా యంత్రాల పడవల వేట ఆగి చాలా పడవలు ఒడ్డునే ఉంటాయి కాబట్టి గోపాల్‌పూర్‌కు ఆ రోజుల్లోనే వస్తాను, సాయంత్రం వలలు కుట్టే వేళకు.